పన్నెండో పేరు

జూన్ 3, సోమవారం. సాయంత్రం 6.15

ఫారం వచ్చింది. లేత పసుపు కాగితం, ఒకే పేజీ. తొమ్మిదో తరగతి నుంచి విదేశీ భాష ఒకటి తప్పనిసరి. ఫ్రెంచ్, జర్మన్, జపనీస్, స్పానిష్, ఇటాలియన్. వాటిలో మూడు, ఇష్టమైన వరుసలో రాయాలి. కింద కుడివైపు గార్డియన్ సంతకం. గడువు పద్నాలుగో తేదీ, శుక్రవారం, మధ్యాహ్నం మూడు గంటలు.

ఆ ఫారం నేను తయారుచేసిందే. ఇరవై రెండేళ్ల కిందట, ఆ స్కూల్లో పరీక్షల విభాగం నా చేతిలో ఉన్నప్పుడు. గళ్లు కూడా మార్చలేదు. కాగితం రంగు ఒక్కటే మారింది.

ఈ రెండు వారాలూ పిల్లలు అన్ని భాషల క్లాసుల్లోనూ కూర్చుని చూడవచ్చట. ట్రయల్ అంటున్నారు, బట్టల షాపులో చొక్కా తొడుక్కుని చూసినట్టు. నా రోజుల్లో ఇది లేదు.

మనవరాలు ఫారం నా బల్ల మీద పెట్టి పక్కన నిలబడింది. దానికి పద్నాలుగేళ్లు. ఆరో ఏట నుంచీ నా దగ్గరే ఉంటోంది. మా అమ్మాయి నాలుగు గంటల దూరంలో ఒక ఆస్పత్రిలో నర్సు, అల్లుడు లారీ నడుపుతాడు. ఇద్దరి సెలవులూ కలిసేది నెలకి రెండు ఆదివారాలు. పిల్ల చదువు నా పూచీ.

ఒక సంగతి రాయాలి. పిల్లకి మాట దగ్గర ఆగుతుంది. ఏడో ఏట మొదలైంది. మొదటి అక్షరం దగ్గర పెదవులు బిగుసుకుపోతాయి, కళ్లు మూతపడతాయి. దానికో పేరుంది. ఆ పేరు మా ఇంట్లో వాడం. పెరిగేకొద్దీ పోతుందని డాక్టరు అన్నాడు, పోలేదు. నేను చేయగలిగింది నేను చేస్తున్నాను. ఆగిన చోట మాట అందిస్తాను. దానికి అవస్థ తప్పుతుంది, పని కూడా త్వరగా తెములుతుంది.

జూన్ 6, గురువారం. ఉదయం 11.20

స్కూలుకి వెళ్లి వచ్చాను. నడకలో పదకొండు నిమిషాలు. ఆఫీసు గుమస్తా నా దగ్గర పని నేర్చుకున్నవాడే, ఇప్పుడు జుట్టు నెరిసింది. పదేళ్ల రిజల్టు రిజిస్టర్లు కావాలంటే, మేడమ్, రిటైరై తొమ్మిదేళ్లయినా మీకు మా మీద నమ్మకం కుదరలేదా అంటూనే తీసిచ్చాడు. కుదరలేదన్నాను. నవ్వాడు. నేను నవ్వలేదు. ఒక రిజిస్టరుకి నంబరు తప్పు వేసి ఉంది.

పదేళ్ల సగటు: జర్మన్ 86.4. జపనీస్ 83.7. ఫ్రెంచ్ 81. స్పానిష్ 79.5. ఇటాలియన్ 72.9.

ఇటాలియన్‌లో ఏటా పన్నెండు మందో పదమూడు మందో చేరుతున్నారు. ఆ టీచరు మూడేళ్లుగా తాత్కాలిక పోస్టులోనే ఉంది.

పదో తరగతి తర్వాత సైన్సు కాలేజీలో సీటు రావాలంటే మొత్తం మీద తొంభై శాతం ఉండాలి. లెక్కల్లోనూ సైన్సులోనూ పిల్లకి ఢోకా లేదు. జారితే ఈ భాషలోనే జారాలి. కాబట్టి జర్మన్.

నూటిలో ఎనభై రాతపరీక్ష, ఇరవై ఓరల్. ఓరల్ దగ్గర ఒక్క నిమిషం ఆగి ఆలోచించాను. ఏ భాష తీసుకున్నా ఆ ఇరవై ఉండేవే. రెండు వైపులా ఉన్న అంకెను కొట్టేయవచ్చు. కొట్టేశాను.

జూన్ 7, శుక్రవారం

ట్రయల్ క్లాసుల వల్ల పిల్ల రోజూ పద్దెనిమిది నిమిషాలు ఆలస్యంగా వస్తోంది.

జూన్ 9, ఆదివారం. మధ్యాహ్నం 3.00

అమ్మాయి వచ్చి వెళ్లింది. నా పట్టిక చూపించాను. చూడకుండానే, భాష ఎంచుకునేది అదా నువ్వా అంది. చదివేది అది, చదివించేది నేను అన్నాను. నన్నూ ఇలాగే బయాలజీలోకి తోశావు అంది. తోస్తేనేగా ఉద్యోగం వచ్చింది అన్నాను. వచ్చింది, కానీ నేను డాన్స్ టీచర్ని కావాలనుకున్నాను తెలుసా అంది. ఎప్పుడు అనుకున్నావమ్మా అంటే, నువ్వు అప్లికేషను పోస్టు చేసి ఇంటికొచ్చిన రోజు అంది. తమాషాకి అని ఉంటుంది.

వెళ్లేముందు తల్లీకూతుళ్లు బాల్కనీలో కూర్చున్నారు. పిల్ల ఏదో చెబుతోంది. ఆగి, ఆగి, చాలాసేపు చెప్పింది. నాకు వినపడలేదు. అమ్మాయి మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. నర్సులకి ఓపిక ఎక్కువ.

జూన్ 11, మంగళవారం. సాయంత్రం 7.40

పిల్ల ఫారం నింపింది. ఒకటి, ఇటాలియన్. రెండు, జర్మన్. మూడు, జపనీస్. ఇంకుపెన్నుతో రాసింది. అంటే ఆలోచన అయిపోయిందన్నమాట.

భోజనం దగ్గర కారణం అడిగాను. చెంచా కింద పెట్టి, వీపు నిటారు చేసుకుని కూర్చుంది. ఈ మధ్య అలా కూర్చోవడం చూడలేదు. ఎందుకంటే అమ్మమ్మా, అక్కడ నేను, అని మొదలుపెట్టి ఆగిపోయింది. కళ్లు మూసుకుంది. గోడ గడియారం వైపు చూశాను, వార్తల టైము కావస్తోంది. అక్కడ నీకు టీచరు నచ్చిందా అని అందించాను. తల అడ్డంగా ఊపి, మళ్లీ మొదటినుంచీ ఎత్తుకుంది. అక్కడ నేను. మళ్లీ ఆగింది. నిచ్చెన కూడా ఆ క్లాసేనా, అందుకా అన్నాను. నిచ్చెన అంటే దాని స్నేహితురాలు. పేరు నేను పెట్టిందే, మా గుమ్మంలో తల వంచుకుని రావాలి ఆ పిల్ల.

పిల్ల నా వంక కాసేపు చూసింది. తర్వాత తల ఊపింది. చెంచా తీసుకుంది.

కారణం: స్నేహితురాలు. అనుకున్నదే. స్నేహితుల కోసం మార్కులు పోగొట్టుకున్న పిల్లల్ని ముప్ఫై ఒక్క ఏళ్లు చూశాను. ఇక్కడ పోయేవి పదమూడున్నర.

జూన్ 13, గురువారం. ఉదయం 7.05

పిల్ల స్నానానికి వెళ్లినప్పుడు ఫారం దిద్దాను. ఇటాలియన్ పక్కన ఉన్న ఒకటిని కొట్టి రెండు, జర్మన్ పక్కన ఉన్న రెండును కొట్టి ఒకటి. రెండు చోట్లా పొట్టి సంతకం, తేదీ. గార్డియన్ పొట్టి సంతకం ఉంటే దిద్దుబాటు చెల్లుతుంది. ఇందులో దొంగతనం లేదు, నిబంధన ఉంది.

చెప్పి చేయవచ్చు కదా అంటే, చెబితే మాటలు పెరుగుతాయి. మాటలు దానికే కష్టం.

ఫారం నేనే ఇచ్చేస్తాను, ఎలాగూ నడకకి అటే వెళ్తాను అన్నాను. థాంక్స్ అమ్మమ్మా అంది. ఆ మాట దగ్గర ఆగలేదు.

జూన్ 14, శుక్రవారం

రసీదు నంబరు 61.

జూన్ 21, శుక్రవారం. సాయంత్రం 5.30

లిస్టు పెట్టారు. మా పిల్ల జర్మన్, బి సెక్షను, వరుస సంఖ్య 19. ఇటాలియన్ అని ఉన్న చోట ఒకే వాక్యం ఉంది. పదకొండు మంది మాత్రమే కోరినందున ఈ ఏడాది సెక్షను లేదు.

పన్నెండు అన్న అంకె నాది. పందొమ్మిదేళ్ల కిందట ఒక పెద్దమనిషి తన ఒక్కగానొక్క కొడుకు కోసం ఒక సెక్షను తెరిపించాడు. కొడుకు మూడు నెలలు వచ్చి మానేశాడు. టీచరు ఏడాదంతా ఖాళీ బెంచీలకి హాజరు వేసింది. అప్పుడు నేను కమిటీలో కూర్చుని రాయించాను. పన్నెండు మందికి తక్కువైతే సెక్షను లేదు, జూన్ ముప్ఫై దాటితే మార్పు లేదు, ఏ కారణానికీ మినహాయింపు లేదు. ఒకాయన పది చాలన్నాడు, ఇంకొకాయన పదిహేనన్నాడు. బెంచీకి ముగ్గురు చొప్పున నాలుగు బెంచీలు నిండాలని వాదించి గెలిచాను.

పిల్ల నాలుగూ అయిదుకి వచ్చింది. చేతులు కడుక్కుంది. జర్మన్ వచ్చిందిగా అన్నాను. తల ఊపింది. పోనీలే, అసలా ఇటాలియన్ క్లాసే ఎత్తేశారు, నువ్వు చేరినా ఏం లాభం అన్నాను.

లోపలికి వెళ్లిపోయింది.

ఇది రాస్తుంటే తట్టింది. పదకొండుకి ఒకటి కలిపితే పన్నెండు. ఒకటో తరగతి కూడిక. ఆ మాట అనేసిన గంటన్నరకి గానీ నాకు తట్టలేదు.

జులై 16, మంగళవారం. రాత్రి 8.00

జర్మన్ యూనిట్ టెస్ట్: 25కి 24. నా పట్టిక తప్పలేదు.

నిన్న పిల్ల నాతో పద్నాలుగు మాటలు అంది. అందులో సరే అన్నది అయిదుసార్లు. ఒక్క చోటా ఆగలేదు. మొదట సంతోషించాను. ఇవాళ జాగ్రత్తగా విన్నాను. ఆగని మాటలే ఏరుకుని అంటోంది. ఆగే మాటలు మానేసింది.

అమ్మాయి ఫోన్ చేసి, ఇదేమిటమ్మా, ఊ కొట్టడం తప్ప పిల్ల ఏం మాట్లాడదే, మీ ఇద్దరికీ ఏమైనా అయిందా అంది. ఏమీ కాలేదు, చదువుకుంటోంది అన్నాను.

జులై 28, ఆదివారం. ఉదయం 10.30

నిచ్చెన వచ్చింది, ఏదో పుస్తకం తిరిగి ఇవ్వడానికి. పిల్ల గదిలో ఉంది. నిచ్చెన ఇప్పుడు ఫ్రెంచ్‌లో ఉందట. ఎలా ఉందమ్మా ఫ్రెంచ్ అంటే, గొంతులో ముల్లు పడ్డట్టుంది అమ్మమ్మగారూ అంది. తర్వాత నా బల్ల మీది డైరీ చూసి, మీ చేతిరాత భలే ఉంటుందండీ, అంత చిన్న జాగాలో కూడా ఎంత నీటుగా పెడతారో సంతకం అంది. ఈ కాలం పిల్లల్లో చేతిరాత గమనించేవాళ్లు తక్కువ. బిస్కెట్లు పెట్టాను. తినలేదు.

ఆగస్టు 10, శనివారం. మధ్యాహ్నం 1.15

కాస్త నిదానంగా రాయాలి.

కళ్లజోడు ఎడమ అద్దం గీతలు పడితే బస్టాండు పక్క కళ్లద్దాల షాపుకి వెళ్లాను. కౌంటర్లో నీలం కోటు వేసుకుని ఒక అమ్మాయి. ముప్ఫై ఉంటాయి. కొత్త అద్దం బిగించి, అక్షరాల కార్డు చేతికిచ్చి చదవమంది. చివరి వరస దాకా చదివాను. అబ్బో, ఆపండి మామ్మగారూ, ఇంకాస్తుంటే కార్డు అచ్చేసినవాళ్ల అడ్రసు కూడా చదివేసేలా ఉన్నారు అంది. రసీదు కోసం నా పేరూ ఇంటి నంబరూ చెప్పాను. రాస్తున్న చెయ్యి ఆగింది. మీరు ఫలానా అమ్మాయి అమ్మమ్మగారా అంది.

ఆమె ఇటాలియన్ టీచరు. సెక్షను లేకపోవడంతో పోస్టు పోయింది. జులై మొదటి నుంచీ ఈ షాపులో ఉంది.

నేను అడగకుండానే చెప్పింది. ట్రయల్ క్లాసులో ఎనిమిదో రోజున ఒక్కొక్కరినీ లేపి ఇంట్లోవాళ్ల గురించి ఇటాలియన్‌లో చెప్పమందట. అందరూ రెండు వాక్యాలు, మూడు వాక్యాలు. మా పిల్ల పదకొండు చెప్పిందట. మా అమ్మమ్మ అయిదింటికి లేస్తుంది. మా అమ్మమ్మకి నీలం పెన్ను ఉంది. మా అమ్మమ్మకి అన్నీ తెలుసు. ఇలాంటివి. ఒక్కచోట కూడా ఆగలేదట. క్లాసు అంతా నోరు తెరుచుకుని చూస్తుంటే ఎందుకో నాకు అర్థం కాలేదండీ అంది. బయటికి వచ్చాక ఆ పొడుగమ్మాయి ఏడుస్తూ చెప్పిందట. టీచర్, అది రెండో తరగతి నుంచీ నాకు తెలుసు, దానికి నత్తి, వరసగా పదకొండు వాక్యాలు మాట్లాడగా నేను ఇవాళే విన్నాను అని.

ఎందుకలా అయిందో తనకీ తెలియదంది. కొత్త భాషలో కొందరికి అలా జరుగుతుందట, కొన్నాళ్లకి అక్కడా ఆగవచ్చట, ఆగకపోనూ వచ్చట. చూద్దామనుకున్నాను, చూసే రాత లేదు అంది. తర్వాత అద్దం తుడుస్తూ, అందరి పేర్లలో ఆ అమ్మాయి పేరు తప్పకుండా ఉంటుందనుకున్నానండీ, పిల్లలు చివరి నిమిషంలో మనసు మార్చుకుంటారు, ఏం చేస్తాం అంది.

పిల్ల మార్చుకోలేదమ్మా అని చెప్పాలి. నోరు రాలేదు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఆమె మాత్రం ఎదురు చూసింది, మాట అందించలేదు. చివరికి కళ్లజోడు పెట్టుకుని వచ్చేశాను.

అన్నీ చక్కగా కనపడుతున్నాయి.

ఆగస్టు 12, సోమవారం. ఉదయం 11.45

హెడ్‌మిస్ట్రెస్ దగ్గరికి వెళ్లాను. ఒకప్పుడు నా కింద మార్కుల లిస్టులు సరిచూసిన మనిషి. లేచి నిలబడింది, కాఫీ తెప్పించింది. పన్నెండో పేరు నేను తెస్తాను, ఇటాలియన్ సెక్షను తెరవమన్నాను. నవ్వింది, నేను ఎగతాళి చేస్తున్నాననుకుంది. కాదని తెలిశాక నిబంధనల పుస్తకం తీసి నా వైపు తిప్పింది. చదవలేదు, ఊరికే తిప్పింది. అక్షరాలు నావి. ఏ కారణానికీ అన్న మాట కింద రెండు గీతలు కొట్టి ఉన్నాయి. ఆ గీతలూ నావే.

మేడమ్, కిందటేడు ఒకాయన వచ్చి ఇంతకన్నా గట్టిగా అడిగాడు, మీ పేరు చెప్పి పంపేశాను, ఇప్పుడు మీకోసమే తీస్తే నేను ఆయనకి మొహం ఎలా చూపించను అంది. నిజమే. ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని. కాఫీ కూడా ఇచ్చేదాన్ని కాదు.

ఆ పదకొండు మంది ఇప్పుడు నాలుగు క్లాసుల్లో సర్దుకుపోయారు. వాళ్లని మళ్లీ లేపడం కుదరదు. వాళ్లలో ఎవరికి ఏ కారణం ఉందో నేను అడగలేదు, ఎవరూ అడగలేదు. ఫారంలో కారణానికి గడి లేదు. పెట్టమని అప్పట్లో ఒక డ్రాయింగ్ మాస్టారు అన్నారు. కారణాలని కూడలేమండీ అని నేనే తీసేయించాను.

ఆగస్టు 18, ఆదివారం. ఉదయం 9.10

పిల్లకి చెప్పాను. ఫలహారం అయ్యాక, కుర్చీ దాని ఎదురుగా వేసుకుని, తేదీతో సహా చెప్పాను. ఫారం దిద్దింది నేను, నీ పేరు ఉంటే ఆ సెక్షను ఉండేది, నువ్వు ఎందుకు అడిగావో నాకు అప్పుడు తెలియదు, ఇప్పుడు తెలిసింది.

తెలుసు అంది.

ఏం తెలుసు అంటే, ఫారం చూశాను అంది. లిస్టు పెట్టిన రోజే నిచ్చెనతో కలిసి ఆఫీసుకి వెళ్లిందట. నిచ్చెన అడిగితే గుమస్తా ఫారం తీసి చూపించాడు. నా పొట్టి సంతకాలు రెండూ చూసుకుని ఇంటికి వచ్చింది. నాలుగూ అయిదుకే వచ్చింది. చేతులు కడుక్కుంది. నేను అన్న మాట నిలబడి విన్నది.

ఎనిమిది వారాలు. నిచ్చెన నా చేతిరాతని మెచ్చుకున్న రోజు కూడా ఆ ఎనిమిది వారాల్లోదే. నేను బిస్కెట్లు పెట్టాను.

మరి నన్ను ఎందుకు అడగలేదే అన్నాను. నోరు తెరిచింది. పెదవులు బిగుసుకున్నాయి. భయపడ్డావా, అని నా నోట్లోంచి వచ్చేసింది.

తల ఊపింది. ప్లేటు తీసుకుని లేచింది. భయం కాదని నాకు తెలుసు. అది ఊపింది నేను ఆపాలని.

ఆగస్టు 20, మంగళవారం

ఇవాళ్టి నుంచీ మాట అందించకూడదు. ఉదయం రెండుసార్లు అందించాను. సాయంత్రం ఒకసారి.

ఆగస్టు 27, మంగళవారం. సాయంత్రం 7.00

నోరు కట్టుకోవడం ఇంత కష్టమని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు. అది ఆగినప్పుడు నా నాలుక మీద మూడు మాటలు వరసలో నిలబడి ఉంటాయి. మూడింటిలో ఒకటి సరైనదే అయి ఉంటుందని నా గట్టి నమ్మకం. గత వారం అన్నీ లెక్క వేశాను. నేను మింగేసిన మాటలు ఇరవై ఆరు. పిల్ల తర్వాత తనంతట తాను పూర్తి చేసినవాటితో పోల్చాను. సరిపోయినవి ఏడు.

ఏడేళ్లుగా ఇదే నిష్పత్తి అయితే, పిల్ల అన్నదని నేను అనుకున్నదాంట్లో ముప్పాతిక భాగం పిల్ల అనలేదు. నేను అన్నాను. అది తల ఊపింది.

సెప్టెంబరు 4, బుధవారం

పిల్ల ఆగినప్పుడు నా చూపు వాచీ మీదికి పోతోందట. అమ్మాయి ఫోన్లో చెప్పింది. అంటే పిల్ల తల్లికి చెప్పుకుంది. వాచీ తీసి బీరువాలో పెట్టాను.

అక్టోబరు 13, ఆదివారం

అమ్మాయి వచ్చింది. బాల్కనీలో ముగ్గురం కూర్చున్నాం. పిల్ల తల్లితో మాట్లాడింది. నేను వింటుండగానే మాట్లాడింది. అదే చాలనుకున్నాను. బస్సెక్కేముందు అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, అమ్మా, నీకు ఊరుకోవడం కూడా వచ్చన్నమాట అంది. డాన్స్ సంగతి నిజమేనా అని అడిగాను. బస్సు వచ్చేసిందమ్మా అంది. వచ్చిన మాట నిజమే, కానీ అది వాళ్ల ఊరి బస్సు కాదు.

డిసెంబరు 12, గురువారం. సాయంత్రం 5.50

అర్ధసంవత్సర పరీక్షల మార్కులు ఇచ్చారు. జర్మన్ రాతపరీక్ష 80కి 79. ఓరల్ 20కి 3.

జర్మన్ మాస్టారు స్కూలు గేటు దగ్గర కనపడి తనే ఆగాడు. మంచివాడు, చెమటలు పట్టాయి. మేడమ్, అయిదు నిమిషాల టైము, లేచి నిలబడింది, సమాధానం దానికి వచ్చు, కళ్లలో కనపడుతోంది, రెండు మాటలు అంది, బెల్లు కొట్టారు, నేను ఎక్కువ వేస్తే మిగతా పిల్లలు ఒప్పుకోరు అన్నాడు. వేయకూడదు అన్నాను. మీరు చేసింది సరైనదే అన్నాను. గేటు పట్టుకున్నాను.

మొత్తం 82. తొంభైకి ఎనిమిది తక్కువ. ఆ ఇరవైని నేను రెండు వైపులా కొట్టేశాను. అది రెండు వైపులా ఒకటే అంకె కాదు. పిల్ల నోరు ఒకచోట ఆగుతుంది, ఇంకోచోట ఆగదు. లెక్క రానివాళ్లు కూడా చేయని పొరపాటు ఇది. లెక్కకి ముందు అడగవలసింది ఒక్కటే ఉంది. దాన్ని అడిగాను కూడా. జవాబు వినలేదు.

డిసెంబరు 14, శనివారం. మధ్యాహ్నం 12.30

కళ్లద్దాల షాపుకి వెళ్లాను. టీచరుకి మొత్తం చెప్పాను. పిల్ల మనసు మార్చుకోలేదు, నేను మార్చాను, మీ ఉద్యోగం పోయింది నా చేతి మీదుగానే అన్నాను. ఆమె కాసేపు ఫ్రేములు సర్దింది. ఒక ఫ్రేము తీసిన చోటే మళ్లీ పెట్టింది. నేను ఇక్కడ బాగానే ఉన్నానండీ, కానీ ఉదయం లేవగానే ఇప్పటికీ పాఠం ఏమిటా అనుకుంటాను అంది. తిట్టి ఉంటే తేలికయ్యేది.

ఆదివారాలు ఇంటికి వచ్చి పిల్లకి ఇటాలియన్ చెబుతారా అని అడిగాను. పరీక్ష కోసం కాదు, మార్కుల కోసం కాదు, ఊరికే అన్నాను. కొంచెంసేపటికి ఒప్పుకుంది. కానీ ముందు పిల్లని అడగండి మామ్మగారూ అంది. అడిగి, జవాబు వినండి అంది.

డిసెంబరు 15, ఆదివారం. ఉదయం

టైము తెలియదు. వాచీ లేదు, గోడ గడియారానికి వీపు పెట్టి కూర్చున్నాను.

అడిగాను. ఆ టీచరు ఇంటికి వస్తానంది, నేర్చుకుంటావా అన్నాను. సంతోషిస్తుందనుకున్నాను. రాస్తే సిగ్గుగా ఉంది గానీ, అది నన్ను కావలించుకోవడం దాకా ఊహించుకున్నాను.

చెప్పడం మొదలుపెట్టింది. చాలాసార్లు ఆగింది. నా కాఫీ మీద మీగడ కట్టింది. పక్కింట్లో ఎవరో నీళ్లు పట్టుకున్నారు, బకెట్టు నిండింది, పొర్లింది, కుళాయి కట్టేశారు. నేను బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను. అది చెప్పింది ఇది. నేను అందించిన మాట ఇందులో ఒక్కటీ లేదు.

వద్దు అమ్మమ్మా. నాకు ఆ భాష ఎందుకు నచ్చిందంటే, అక్కడ నేను ఏం చెప్పబోతున్నానో ఎవరికీ ముందే తెలియదు. వాళ్లకీ రాదు, నాకూ రాదు. అందుకని అందరూ చివరిదాకా వినేవాళ్లు. ఇంట్లో నువ్వు తెచ్చి పెడితే అది కూడా నీకు తెలిసిందే అయిపోతుంది. ఆదివారం పదింటికి ఇటాలియన్ అని గోడ మీద రాస్తావు. నాకు నువ్వు లేని చోటు ఒకటి కావాలి. అది ఆ క్లాసు. అయిపోయింది. నీ మీద కోపం లేదు. ఉంది, కానీ జర్మన్ గురించి కాదు.

మరి దేని గురించి అని అడగలేదు. అడిగితే మూడు జవాబులు నేనే ఇచ్చేదాన్ని.

చివరికి, ఓరల్ గురించి స్కూలుకి వెళ్లకు అంది. వెళ్లనన్నాను. టీచరుకి నువ్వు చెప్పు వద్దని, అంది. చెబుతానన్నాను.

గోడ మీద రాయడానికి స్కెచ్ పెన్ను నిన్ననే కొన్నాను. ఆ సంగతి దానికి తెలియదు.

డిసెంబరు 16, సోమవారం

టీచరుకి చెప్పాను. అవునా అంది.

జనవరి 9, గురువారం

భోజనం దగ్గర పిల్ల, అమ్మమ్మా, నేను వచ్చే ఏడాది, అని ఆగింది. చాలాసేపు ఆగే ఉంది. నేను చూస్తూ కూర్చున్నాను. తర్వాత నీళ్లు తాగి, ఇంకోసారి చెప్తాలే అని లేచింది.

ఆ వాక్యం ఎలా పూర్తవుతుందో నాకు తెలియదు.